సంతకం వేళకి గవర్నర్ ఎవరు?

గుంత మీద బైకు ఎగిరి పడింది.

పిడుగురాళ్ల దాటి సున్నపు బట్టీల మధ్య దారి. మధ్యాహ్నం మూడున్నర ఎండ. తెల్లటి దుమ్ములో యల్లమందకి కళ్లు మండిపోతున్నాయి.

వెనక పోలీసు జీపు.

ఎదురుగా రాళ్ల లారీ!

ఎడమకి కట్ కొట్టాడు. లారీ అంచు మోచేతిని గీరుకుంటూ పోయింది. చొక్కా చిరిగింది. రక్తం... ఆగలేదు.

యావజ్జీవం పడి పదకొండేళ్లు జైల్లో ఉన్నవాడు. క్వారీ హద్దు తగాదాలో మేస్త్రీ పేరయ్యని గునపంతో పొడిచి చంపింది తనే. కాదని ఎప్పుడూ అనలేదు. ఈ పొద్దున పదీ ఇరవైకి జైలు గేటు దాటాడు. శిక్ష మిగతాది రద్దు. చేతిలో కాగితం, గవర్నర్ సంతకం.

ఐదు గంటలైనా గడవలేదు. హోటల్ దగ్గర టీ గ్లాసు పట్టుకుని ఉండగా జీపు వచ్చి ఆగింది. బావమరిది వెంకట్‌ని పట్టుకున్నారు. యల్లమంద వెంకట్ బైకెక్కేశాడు.

హెల్మెట్‌లో ఇరికించిన వెంకట్ ఫోన్ మోగుతోంది. లాయరు సుభాషిణి.

జరిగింది ఆమె గబగబా చెప్పింది. నిన్న రాత్రి గవర్నర్ పోయాడు. రాష్ట్రపతి పోతే ఉపరాష్ట్రపతి ఉన్నాడు. గవర్నర్ పోతే ఆ కుర్చీ ఎవరిదో రాజ్యాంగంలో వరస రాసి లేదు. ఢిల్లీ చెప్పాలి. ఢిల్లీ తెల్లారేసరికి పక్క రాష్ట్రం గవర్నర్‌కి ఇన్‌చార్జి ఇచ్చింది. ఆయన దిగాడు. కానీ భక్తిపరుడు. శుక్రవారం కదా, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అది పోయాకే ప్రమాణం చేస్తానన్నాడు.

వెంకటూ భక్తుడే. రాహుకాలం రాకముందే బావ గేటు దాటాలన్నాడు. ఏడాదిగా మూలుగుతున్న ఫైలుని, ఎవరి కాళ్లు పట్టుకున్నాడో ఏమో, గెస్ట్‌హౌస్‌లో టిఫిన్ చేస్తున్న ఆ పెద్దాయన ముందు తొమ్మిదింటికే పెట్టించాడు. సంతకం పడింది.

ప్రమాణం మాత్రం పన్నెండూ పదికి!

ఒకటే రాహుకాలం. అది పోయేదాకా ఒకరు ఆగారు. అది రాకముందే ఇంకొకరు తొందరపడ్డారు. ఇద్దరూ దేవుడికి దణ్ణం పెట్టుకునే ఆ పని చేశారు. చెడ్డ గంటలు ఆ దేవుడు పెట్టినవేనా, మనం రాసుకున్నవా... అడిగితే చెప్పేవాడెవడు?

"తొమ్మిదింటికి ఆయన గవర్నర్ అవునో కాదో హైకోర్టు సోమవారం తేలుస్తుంది అన్నా," అంది సుభాషిణి. "అప్పటిదాకా నువ్వు విడుదలైనోడివో, పారిపోయినోడివో ఎవరూ చెప్పలేరు."

"నన్నేం చెయ్యమంటావమ్మా?"

"పారిపోయినోడివని కాల్చేస్తే దిక్కులేదు. నువ్వే పోయి కోర్టులో లొంగిపో. లోపలుంటే బతుకుతావు."

వెనక తుపాకి పేలింది!

గాల్లోకి. యల్లమంద తల వంచి యాక్సిలేటర్ తిప్పేశాడు.

చిన్న ఊరు. చిన్న కోర్టు. నాలుగూ ఇరవై. బైకు గేటు దగ్గర పడేసి లోపలికి పరిగెత్తాడు. మేజిస్ట్రేటు ముందు చేతులు జోడించాడు. ఒంటి మీద సున్నం, మోచేతి మీద నెత్తురు.

లోపలేయమని వేడుకున్నాడు. మేజిస్ట్రేటు కాగితం అందుకున్నాడు. చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు.

"దీని మీద గవర్నర్ సంతకం ఉంది. చెల్లదనే అధికారం నాకు లేదు. పైకోర్టు కొట్టేసేదాకా నువ్వు విడుదలైన మనిషివే. విడుదలైన మనిషిని నేనెట్లా జైలుకి పంపేది?"

"బయట చంపుతారయ్యా."

భయముంటే పోలీసులకి అర్జీ పెట్టుకోమన్నాడు ఆయన. విడుదలైన మనిషన్న ముక్కలే రాయించి, ముద్ర వేయించి, నకలు చేతికిచ్చారు. బంట్రోతు భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

గేటు బయట జీపు. దానికి ఆనుకుని ఎస్సై కృష్ణచైతన్య సోడా తాగుతున్నాడు. తుపాకి తియ్యలేదు. చెయ్యి చాపాడంతే.

యల్లమంద నకలు ఇచ్చాడు. ఎస్సై చదివాడు. కానిస్టేబుళ్లకి వినబడేలా ఇంకోసారి చదివాడు.

మరి ఎందుకు తరిమారని అడిగాడు యల్లమంద.

"పట్టుకుంటే కస్టడీ అవుద్ది. కస్టడీలో నువ్వు పోతే నా ఉద్యోగం పోద్ది. ఎంక్వైరీలు, మానవ హక్కులోళ్లు... చానా గోల. తరిమితే నువ్వే కోర్టుకి పోతావు." ఎస్సై కాగితం మడిచి యల్లమంద జేబులో పెట్టాడు. జేబు మీద మెల్లగా తట్టాడు. "జడ్జిగారే రాసిచ్చాడు. నువ్వు మా ఖైదీవి కాదంట. ఇంక నీకేమైనా మాకేంది?"

కానిస్టేబుళ్లు సోడా కొట్టు వైపు తిరిగారు. ఒకడు ఫోన్ తీసి చూసుకుంటున్నాడు.

జీపు వెనక తలుపు తెరుచుకుంది.

పాతికేళ్లవాడు దిగాడు. పేరయ్య ముక్కు. పేరయ్య నొసలు. కొడుకు అంజిబాబు. చేతిలో నాటు తుపాకి. ముఖంలో కోపం కూడా లేదు.

యల్లమంద వెనక్కి చూశాడు. బంట్రోతు గేటు మూసేస్తున్నాడు.

రెండు చేతులూ దగ్గర పెట్టి, బేడీలకి చాపాడు.

"సార్... నన్ను అరెస్టు చెయ్యండి."

ఎస్సై ఖాళీ సోడా సీసా కొట్టు బల్ల మీద పెట్టాడు.

"చేతులు దించవయ్యా. నువ్వు విడుదలైనోడివి."

ధాం!