మంత్రసాని పోసిన నీళ్ళు

"మీ ముత్తవ్వని చంపేస్తున్నారు," అన్నాడు చీఫ్.

ముల్లు గడియారం చూసుకుంది. ఉదయం ఎనిమిదిన్నర. "ఆవిడ పోయి యాభై ఏళ్ళయింది సార్."

"ఈసారి అసలు పుట్టకుండానే చంపుతున్నారు. కూర్చో."

ముల్లు అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్‌నేమ్. గుచ్చుకుంటే ఓ పట్టాన ఊడి రాదని పెట్టారు. బ్రీఫింగ్ రెండే నిమిషాలు పట్టింది. రేవు పక్కన కొండ, కొండమీద ముప్పై ఇళ్ళు, అందులో ఒకటి ముల్లు తల్లిది. ఆ కొండ చేజిక్కితే రేవులోకొచ్చే యుద్ధనౌకలన్నిటినీ కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు. అందుకే ఓ విదేశీ ముఠా హోటల్ కంపెనీ వేషం కట్టి, కొండవాళ్ళంతా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళని కేసు పెట్టింది. ఎంత గుండెలు తీసిన బంటులో చూడండి! ఆ ముప్పై ఇళ్ళకీ మూలం ముల్లు ముత్తవ్వ. ఆమె ఇక్కడే పుట్టిందనడానికి మిగిలిన ఆధారం పాత చర్చిలోని జ్ఞానస్నానాల రిజిస్టర్ ఒక్కటే. పదకొండింటికి ల్యాండ్ కమిషన్ తీర్పు. ముఠా కన్ను రిజిస్టర్ మీద పడిందని తెల్లవారుజామునే కబురొచ్చింది.

"సొంతింటి వ్యవహారం. వద్దంటే ఇంకొకరిని పంపుతా."

"ఇంకొకరికి మా ముత్తవ్వ ఏమవుతుంది సార్? నేనే వెళ్తా."

తొమ్మిదింపావుకి చర్చి వెనకాల రికార్డుల గదిలోకి ఓ ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. తెల్ల విగ్గు, కళ్ళజోడులో కెమెరా, కర్ర పిడిలో తుమ్ముల పొడి. రికార్డులు చూసే గుమాస్తా నలభై ఏళ్ళుగా అదే కుర్చీలో ఉన్న పెద్దాయన. వచ్చినవాళ్ళందరికీ తాతలు రాజులే కావాలనీ, రాళ్ళు కొట్టినవాణ్ణి వెతుక్కుంటూ ఒక్కరూ రారనీ సణుగుతూనే తోలు అట్ట రిజిస్టర్ తెచ్చి బల్లమీద పెట్టాడు.

అంతలో గదిలోకి ముందు సెంటు వాసన వచ్చింది, వెనకాలే ముత్యాల హారం వేసుకున్న అందగత్తె వచ్చింది. డిపార్ట్‌మెంట్ పంపిన చేతిరాత నిపుణురాలు.

"కవలలు దొరికారా?" అనడిగింది కోడ్ ప్రకారం.

"ఒక్కతే. గట్టి పిండం," అంది ముల్లు.

పేజీలు తిప్పారు. కావలసిన చోట పేజీ లేదు. బ్లేడుతో కోసిన అంచు మాత్రం మిగిలింది. ముత్యాలామె తాపీగా తలుపు గడియ వేసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ పిస్టల్ తీసింది. ఆవిడగారి కాళ్ళు రెండు పడవల మీద ఉన్నాయని ముల్లుకి అప్పుడు తెలిసింది.

"పేజీ పొద్దున్నే కాల్చేశాను. మీ ముత్తవ్వ పుట్టలేదు. కమిషన్ ముందు ఆ మాట నువ్వే చెప్పు. మీ అమ్మకి ఇంకో చోట మేడ కట్టిస్తారు."

ముల్లు విగ్గు తీసి బల్లమీద పడేసింది. ఒళ్ళు మండిపోయింది.

"మా ముత్తవ్వ పుట్టింది. ముప్పై ఇళ్ళు నిలబెట్టింది. నువ్వు బ్లేడు పట్టావని మేమంతా వెనక్కెళ్ళి పుట్టకుండా ఉండాలా? కాల్చుకో. నేను మాత్రం ఆ మాట అనను."

కర్ర పిడి నొక్కింది. పొడి ఎగిరింది, గుండు పైకప్పులో దిగింది. ముత్యాలామె తుమ్ముతూనే రిజిస్టర్ చంకన పెట్టుకుని కిటికీ దూకేసింది. కోసిన అంచు కూడా సాక్ష్యమే కదా! బయట మోటార్‌సైకిల్ సిద్ధంగా ఉంది. ముల్లు కిటికీ ఎక్కబోయింది.

"ఆగమ్మా," అన్నాడు గుమాస్తా. "ఆ బిడ్డ ఎలా పుట్టింది?"

ఇదేం ప్రశ్నరా నాయనా అనుకుంటూనే చెప్పింది. ఇంట్లో వందసార్లు విన్నదే. పుట్టగానే ఏడవలేదు, ఒళ్ళంతా నీలం, దక్కదనుకున్నారు.

పెద్దాయన నేలమీద చతికిలబడి, బీరువా అట్టడుగునుంచి సన్నటి నోటుబుక్కు ఒకటి లాగాడు. బిడ్డ చావుబతుకుల్లో ఉంటే ఫాదర్ వచ్చేదాకా ఆగకుండా మంత్రసానే నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వొచ్చట. మర్నాడు చర్చికొచ్చి చెప్పి వేలిముద్ర వేయాలి. ఈ చర్చిలో వాటికి వేరే పుస్తకం. ఏ ఇంట్లో నీళ్ళు పోశారో కూడా అందులో రాయాలి. పెద్ద రిజిస్టర్‌లో ఆ వివరం ఉండదు. తోలు అట్ట చూసి మురిసిపోయిన ముఠాకి ఈ సంగతి తెలియదు.

ముత్తవ్వ పేజీ దొరికింది. పుట్టిన తేదీ. రాళ్ళు కొట్టేవాడి కూతురు. కొండమీద మూడో ఇల్లు. కింద మంత్రసాని బొటనవేలి ముద్ర.

టైము పదిన్నర. రోడ్డంతా ట్రాఫిక్. చర్చికున్నది ఒకటే బండి, శవాలని తీసుకెళ్ళేది. అందరూ పక్కకి తప్పుకునే బండీ అదే. గుమాస్తా స్టీరింగ్ పట్టుకున్నాడు.

కమిషన్ హాల్లో హోటల్ కంపెనీ లాయరు, రిజిస్టరే లేదు కనుక ముత్తవ్వా లేదని ముగించాడు. ఛైర్మన్ పెన్ను మూత తీశాడు. పదకొండుకి ఒక్క నిమిషం. ముల్లు నోటుబుక్కు తెచ్చి ఆయన చెయ్యి కింద పెట్టింది.

లాయరు నవ్వాడు. సంతకం కూడా రాని మనిషి సాక్ష్యమా అన్నాడు.

వెనక బెంచీలోంచి ముల్లు తల్లి లేచింది. "సంతకం రాని చెయ్యే బాబూ బిడ్డని బతికించింది. సంతకాలొచ్చిన చేతులు ఏం చేశాయో కనపడుతూనే ఉందిగా. మేం కదలం. రాసుకోండి."

ఛైర్మన్ ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఇల్లు కొండమీదేనని అంత స్పష్టంగా రాసి ఉన్నాక ఇంక వాదన ఏముంది? కొండ కొండవాళ్ళదేనని రాసి సంతకం పెట్టాడు. లాయరు ముఖాన నెత్తురు చుక్క లేదు. కళ్ళజోడు కెమెరా పంపిన ఫొటోతో ముత్యాలామెని రేవు గేటు దగ్గరే పట్టుకున్నామని చీఫ్ ఫోన్ చేశాడు. ఇంకా తుమ్ముతూనే ఉందట.

మెట్ల దగ్గర తల్లి కూతుర్ని గట్టిగా కావలించుకుంది. తర్వాత ఎగాదిగా చూసింది.

"ముత్తవ్వ పుట్టినరోజు కనుక్కున్నావు, సంతోషం. నాది ఎప్పుడో చెప్పు."

శత్రువుకి చిక్కితే ఎంత హింస పెట్టినా నోరు విప్పకూడదని డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ట్రైనింగ్ ముల్లుకి మొదటిసారి పూర్తిగా పనికొచ్చింది.