గాజుల పిన్నీసులు

"ఒంటి మీద ఇనుముంటే గీ తాడు దాటి రావద్దు" అని లక్ష్మీరాజం మొదటిరోజే కూలీలను గదమాయించాడు. కాశయ్య మొలతాడుకున్న తాళంచెవి విప్పి పెట్టాడు. భూలక్ష్మి మూతి తిప్పుకుంది.

"మా ఇంటికి తాళమే లేదు సారూ, నా తాన ఇనుమెక్కడిది?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వుతోనే ఆమెకు చిక్కు మొదలైంది.

ఆ ఏడు సిద్దిపేట అవతల చెరువు ఒడ్డున, పాతకాలం మనుషులు నేలనెట్లా మార్చారో తవ్వకుండానే చూసే యంత్రంతో వచ్చాడాయన. భూమిలోని అయస్కాంత బలాన్ని అది అంకెల్లో చూపేది. కర్ర కొసన కట్టిన దాని డబ్బాను పట్టుకుని పొద్దున కాశయ్య, మధ్యాహ్నం భూలక్ష్మి నడవాలి. కాశయ్య నడిచిన పడమటి వైపు అంకెలు చప్పగా ఉండేవి. భూలక్ష్మి నడిచిన తూర్పు వైపు ఎగిరేవి. అక్కడ ఇనుము కరిగించే కొలుములుండేవని, వాటి బొగ్గుకోసం అడవి నరికితే మట్టి కొట్టుకొచ్చి ఒడ్డే జరిగిపోయిందని ఆయన మురిసిపోతూ చెప్పేవాడు. ఏమీ దొరక్కుంటే శనివారమే సముద్రం ఒడ్డు పనికి పోవలసినవాడు. ఇప్పుడు దసరాదాకా ఉంటానన్నాడు.

బుధవారం ముసురులో ఆమె కాలికి ముల్లు దిగింది. గాజులకు తగిలించుకున్న పిన్నీసుల గుత్తి తీసి, ముల్లు లాగి, గుత్తిని గట్టుమీదే మరిచి కర్ర పట్టుకుంది. అంకెలు చప్పబడ్డాయి. బ్యాటరీ దిగిందేమో అనుకున్నాడాయన. ఆమె గట్టుమీది గుత్తివైపు చూసింది. పిన్నీసు కూడా ఇనుమేనని ఏ ఆడపిల్లకు తోస్తుంది?

ఆ గుత్తిని మళ్ళీ గాజులకే తగిలించుకుంది. రెండురోజులు అన్నం సయించలేదు. శుక్రవారం, పై ఆఫీసుకు ఆయన రాస్తున్న కాగితం మీద దాన్ని తీసి పెట్టింది.

"కొలుములు కావు సారూ. ఇవే."

ఆయన తూర్పు వైపంతా వానలో తానే మళ్ళీ నడిచాడు. ఏమీ లేదు. కర్ర దించి ఆమెవైపు తిరిగాడు.

"మొన్ననే చెప్తె ఏం పోయేది?"

"మీరు పోయేటోళ్లు."

ఆయన కాగితం చింపేశాడు.

శనివారం జీపు ఆమె ఇంటిముందు ఆగింది. తండ్రి సిద్ధిరాములు మగ్గం మీదినుంచి తలెత్తలేదు. భీవండి మరమగ్గాల పనికి పోయిన కొడుకు ఉత్తరం రాసి రెండేళ్లయింది. లక్ష్మీరాజం గడప బయటే వానలో నిలబడి జరిగిందంతా చెప్పాడు. ఆడపిల్ల గాజులవైపు చూసి అడగడానికి సిగ్గుపడ్డానని, తప్పు తనదేనని, ఈ పిల్లను మాత్రం మరిచిపోలేనని.

"పోయినోడు ఉత్తరం రాస్తడా, అడుగు బిడ్డా" అన్నాడు సిద్ధిరాములు, కూతురితో.

భూలక్ష్మి అడగనే లేదు. జవాబు వానలోంచే వచ్చింది.

"రాస్త మామా."

అప్పటిదాకా పెద్దయ్యా అన్న నోరు అది. మగ్గం ఆగింది.

"తడుస్తున్నవ్" అన్నాడు సిద్ధిరాములు. "లోపటికి రా."