కుండ కదిలిన రోజు

"ఓ కోడీ, ఆఫీసు అమ్మగారికి చాయ్ గక్కడ పెట్టిన అని చెప్పు. చల్లారినంక మల్ల నన్ను అనొద్దు."

గూడు తలుపు తీస్తూ ముత్తక్క అన్న మాట అది. కోడి ఎవరికీ ఏమీ చెప్పలేదు. వసారాలో నిలబడి జుట్టు ముడి వేసుకుంటున్న నవత గ్లాసు అందుకుని, తనూ కోడి వైపే చూస్తూ, "చక్కెర సరిపోయిందని చెప్పవే" అంది. రెండేళ్లుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మాటలు ఇలా కోళ్ల మీదుగా, మేకల మీదుగా, ఏవీ దొరక్కపోతే పొయ్యి మీదుగా నడుస్తున్నాయి. మధ్యలో చిరంజీవి ఉన్నాడు గానీ, గనిలో షిఫ్టు చేసి వచ్చి పడుకునే మనిషి. కొడుకుగా మాట్లాడాలో, మొగుడుగా మాట్లాడాలో తేలక నిద్రనే నమ్ముకున్నాడు.

నవత కొత్తగూడెం బొగ్గు గని కార్మికుడి కూతురు. కాలేజీలో చిరంజీవిని ఇష్టపడి, బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఇప్పలగుంపు అనే ఈ కోయగూడేనికి కోడలై వచ్చింది. పౌరసంబంధాల శాఖలో ఉద్యోగం. జిల్లా యంత్రాంగం తరఫున పేపర్లతో, టీవీలతో మాట్లాడేది ఆమే. గోదావరి పెరిగితే ఊళ్లల్లో తిరిగే మైకు బండ్లలో వినపడే గొంతు కూడా ఆమెదే.

ఆ గొంతే కొంప ముంచింది. రెండేళ్ల కింద వరదలప్పుడు, ఊరు ఖాళీ చేయమని ఆ గొంతు చెబితే ఇప్పలగుంపు అంతా మూటలు కట్టుకుని గుట్ట మీది బడికి వెళ్లింది. నీళ్లు చివరి ఇంటి కంచె దాకా వచ్చి, ఏమనుకున్నాయో ఏమో, వెనక్కి మళ్లాయి. జనం తిరిగొచ్చేసరికి ఊరి పెద్ద పగిడయ్య మేకలను ఎవరో తోలుకుపోయారు. ఆ మేకల పాపం మైకుది కాదు, నవతది అయింది. బోరింగు దగ్గర ముత్తక్క తలెత్తుకోలేకపోయింది. అప్పటి నుంచే కోళ్లకు ఇంత గౌరవం.

బయట ముసురు ఆగడం లేదు. ఫోన్ మోగింది. నవత రెయిన్‌కోటు తొడుక్కుంటుంటే వెనక నుంచి మాట వచ్చింది.

"ఈసారి గూడ మైకుల ఒర్లుడు పెట్టొద్దని చెప్పే కోడీ. ఈ ఊరు కదలదు."

నవత స్కూటీ తీసింది.

భద్రాచలం వంతెన మీద ఆమె బండి దానంతట అదే ఆగినట్టు ఆగిపోయింది. ఏళ్లుగా ఆ దారిన పోతోంది. ఎన్నోసార్లు ఆ నదిని గురించి ప్రకటనలు రాసింది. అయినా దాన్ని ఇలా ఎప్పుడూ చూడలేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఎర్రటి నీళ్లు, మధ్యలో పూరీలా ఉబ్బి, ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతున్నాయి. వేళ్లతో సహా మహావృక్షాలు ఈనెపుల్లల్లా తిరుగుతూ పోతున్నాయి. చప్పుడు చెవులకు కాదు, అరికాళ్లకు తెలుస్తోంది. తెలియకుండానే చెప్పులు విడిచి దండం పెట్టింది. పక్కన లారీ డ్రైవరు కూడా దిగి అదే పని చేశాడు.

కంట్రోల్ రూములో ఇంజనీరు ఉదయ్ భాస్కర్ గోడ మీది మ్యాపు దగ్గరకు పిలిచాడు. "మేడం, మీ ఇప్పలగుంపుకు నీళ్లు ముందు నుంచి రావు. గోదావరి ఎదురు తన్నితే ఊరి వెనక వాగు పొంగుతది. సాయంత్రానికల్లా రోడ్డు మునుగుతది. తర్వాత పడవ కూడా పోదు."

నవత ప్రకటన రికార్డు చేసింది. "లోతట్టు ప్రాంతాల ప్రజలు ఆందోళన చెందకుండా సురక్షిత ప్రాంతాలకు తరలివెళ్లాలి..." రోజూ చదివేదే. గొంతు వణక్కూడదు, మాట తొట్రుపడకూడదు. బండ్లు బయల్దేరాయి. మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. ఇప్పలగుంపు తప్ప.

గేటు దగ్గర టీవీ విలేకరి నవ్వుతూ మైకు పెట్టాడు. "మేడం, మీ సొంతూరే మీ మాట వింటలేదట?"

నవత చేతిలో కాగితాలు పక్కవాళ్లకిచ్చి, ఇప్పలగుంపు వెళ్తున్న ఖాళీ బస్సు ఎక్కేసింది.

ఊరు వానలో ప్రశాంతంగా ఉంది. ఎదురుగా గోదావరి ఇంకా గట్టు కిందే ఉందని అందరూ ధీమాగా ఉన్నారు. నవత ఇంటి ముందు అరుగు మీద పగిడయ్య, మరికొందరు పెద్దలు చుట్టలు కాలుస్తున్నారు. గుమ్మంలో ముత్తక్క. పక్కన నిద్రమొహంతో చిరంజీవి.

"పగిడయ్య మామా, బస్సు తెచ్చిన. జల్దీ ఎక్కుండ్రి. వెనక నుంచి వాగు వస్తది, రోడ్డు పోతది" అంది నవత.

"పోయినసారి గూడ గిట్లనే అన్నవ్ కోడలా" అన్నాడు పగిడయ్య తాపీగా. "వచ్చినయా నీళ్లు? రాలె. ఎందుకు రాలె? మేమంతా పోయినం గాని, మీ ఇంట్ల పెద్దల కుండ పోలె. కుండ ఉన్నంక నీళ్లెట్ల వస్తయి?"

నవతకు ముందు అర్థం కాలేదు. లోపలి గదిలో మూలన ఒక కుండ ఉంటుంది, దాని దగ్గరకు ముత్తక్క తప్ప ఎవరూ పోరు. చనిపోయిన పెద్దలందరూ అందులో ఉంటారని చిరంజీవి పెళ్లయిన కొత్తలో చెప్పాడు. అత్తగారి పూజ అత్తగారిది అని ఊరుకుంది.

చిరంజీవి మెల్లగా అన్నాడు. "ఈ ఊర్ల కట్టిన మొదటి ఇల్లు మనదే నవతా. మన కుండ ఇంట్ల ఉందంటే ఊరు ఉన్నట్టు. అది గడప దాటితేనే ఊరు లేచినట్టు. పోయినసారి కుండను ఇడిచి పోయినందుకే మేకలు పోయినయ్ అంటరు. ఇగ మైకు ఎంత అరిచినా గంతే."

"ఇన్నేండ్లల్ల నాకు ఎందుకు చెప్పలె?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?" ఈసారి ముత్తక్క కోడిని పిలవలేదు. సూటిగా కోడలినే చూసింది. "మైకుల ఏమంటవు నువ్వు? భయపడొద్దు అంటవు. మల్ల ఇల్లిడిచి ఉరకండి అంటవు. రెండిట్ల ఏది నిజం? నా మొగుని తాతల కాలం నుంచి కదలని కుండ అది. పొద్దుకొక మాట చెప్పే గొంతును నమ్మి ఎత్తుకుంటనా?"

"అత్తమ్మా, అది నా మాట కాదు. ఆఫీసు మాట. గట్లనే చెప్పాలె."

"మరి నీ మాటేంది? గది చెప్పు. ఈ ఇంటి కోడలిగ చెప్పు."

అరుగు మీద చుట్టలు ఆరిపోయాయి. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. నవత నోరు తెరిచింది. అలవాటు కొద్దీ "యంత్రాంగం అన్ని చర్యలు" అనే మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆగిపోయాయి. ఉన్నట్టుండి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నాకు భయమైతాంది అత్తమ్మా" అంది. "పొద్దున బ్రిడ్జి మీద చూసిన. గంత నీళ్లు నేను ఎన్నడు చూడలె. గది నీళ్ల లెక్క లేదు. దేవుడే లేచి నడిచినట్టున్నది. మైకుల భయపడొద్దని చెప్పిన గాని, చెప్పేటప్పుడు టేబుల్ కింద చేతులు పట్టుకుని కూసున్న. మీరు ఈడ, ఈయన ఈడ... నాకు మీరు తప్ప ఎవరున్నరు? పోయినసారి నీళ్లు రాలె, నా మాట తప్పింది. ఈసారి గూడ తప్పాలె అని మొక్కుకున్న. తప్పితే నన్ను మల్ల తిట్టుండ్రి, పడత. కానీ లేవండి."

ఆమె ఏడుస్తోంది. జిల్లాలో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు అది. పగిడయ్య తల దించుకున్నాడు.

ముత్తక్క లోపలికి వెళ్లింది. గదిలో కోయభాషలో ఏదో సన్నగా వినపడింది, ఎవరినో బతిమాలుతున్నట్టు, ఎవరికో దారి చెబుతున్నట్టు. బయటకు వచ్చినప్పుడు ఆమె తల మీద తెల్లగుడ్డ కప్పిన కుండ ఉంది. గడప దగ్గర క్షణం ఆగి, కుడికాలు బయట పెట్టింది.

ఆ తర్వాత జరిగింది నవత ఎన్నేళ్లయినా మర్చిపోదు. అరుగు మీదివాళ్లు లేచి చేతులు జోడించారు. ముత్తక్క వానలో వీధి వెంట నడుస్తూ, ఒక్కో గుమ్మం ముందు ఆగి, ఆ ఇంటి పేరు పెట్టి గట్టిగా పిలిచింది. పిలిచిన ప్రతి ఇల్లూ లేచింది. పిల్లలను ఎత్తుకుని, మేకలను తోలుకుని, పొయ్యి మీది అన్నం గిన్నెతో సహా. మైకు బండి పొద్దుటి నుంచి చేయలేని పని ఒక ముసలమ్మ పిలుపు చేస్తుంటే, నవత వెనకే నడిచింది. అంత జనం కదులుతున్నా గొడవ లేదు, ఏడుపు లేదు. పెద్దలు ముందు నడుస్తున్నారని అందరికీ తెలుసు.

బస్సు చివరి ట్రిప్పు గుట్ట చేరిన కాసేపటికే వెనక వాగు రోడ్డెక్కింది. గుట్ట మీది బడి వరండాలోంచి ఊరంతా చూసింది. చడీచప్పుడు లేకుండా నీళ్లు పొలాల మీదుగా వచ్చి, వీధిలోకి తిరిగి, ఒక్కో గుమ్మంలోకి వెళ్లాయి. ఇళ్ల పైకప్పులు మాత్రం మిగిలాయి. పగిడయ్య నవత దగ్గరకు వచ్చి, ఆమె తల మీద చేయి పెట్టి వెళ్లిపోయాడు.

తరగతి గదిలో తూర్పు మూల అలికి కుండను దించారు. దించినచోట పెద్దలను పేరుపేరునా పిలవాలి. అప్పుడే అది ఇల్లవుతుంది. జనమంతా చుట్టూ కూర్చున్నారు. ముత్తక్క పిలవబోయింది. గొంతు రాలేదు. వానలో ఇల్లిల్లూ పిలిచి పిలిచి పూర్తిగా బొంగురుపోయింది. ఆమె తలతిప్పి చూసి, చేత్తో కోడలిని పిలిచింది.

"నేనా?" నవత భయపడిపోయింది. "నాకు కోయ రాదు. నేను ఈ కులంల పుట్టలె అత్తమ్మా."

"పేర్లకు భాషేంది? నేను చెప్త. నువ్వు పిలువు." గుసగుసగా అంది ముత్తక్క. "గొంతు నీది. మాట ఈ ఇంటిది."

నవత కుండ ముందు కూర్చుంది. అత్త చెవిలో చెబుతుంటే ఒక్కో పేరూ పైకి చెప్పింది. ముసలి బుచ్చయ్య. లచ్చుమక్క. సమ్మయ్య. ఎప్పుడూ చూడని మనుషులు, వాళ్లు నరికిన అడవి, వాళ్లు నాటిన మొదటి ఇప్పచెట్టు, అంతా ఆ పేర్లతో పాటు గదిలోకి వస్తున్నట్టు ఆమెకు అనిపించింది.

చివరి పేరు దగ్గర ముత్తక్క ఆగింది. "మీ మామ" అంది.

నవత అత్త వైపు తిరిగింది. మామ జంపయ్య వాళ్ల పెళ్లికి ఒప్పుకోలేదు. ఒకే కప్పు కింద ఉండి, ఆమె చేతి అన్నం ఒక్కనాడూ ముట్టకుండానే కన్నుమూశాడు.

"నేను పిలిస్తే వస్తడా అత్తమ్మా?"

ముత్తక్క కొంగుతో కోడలి మొహం తుడిచింది. "ఇంటి మనిషి పిలిస్తే రాకుండ యాడికి పోతడు బిడ్డా?"

ఏ కాగితమూ లేదు. ఎవరి తరఫునా కాదు. నవత చేతులు జోడించి, కిటికీ అవతల ఎర్రగా పరుచుకున్న నీళ్లకు వినపడేలా పిలిచింది.

"మామా, జంపయ్య మామా! మన ఇల్లు ఈడికొచ్చింది. అందరం ఉన్నం. నువ్వు గూడ రా."

వెనక నుంచి ఇప్పలగుంపు మొత్తం ఒక్క గొంతుతో "రావయ్యా" అంది.