జారిపోతున్న స్వరం

నరసరావుపేటలో ఏప్రిల్ ఎండకు మొహమాటమనేది లేదు. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద నుంచి దించేలోపే వరండా దాటి హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ రోజు ఎండతో పాటు ఒక పార్సిలు కూడా వచ్చింది. గేటు దగ్గర సంతకం పెట్టి పెట్టె అందుకున్న జ్యోతిర్మయికి, దాని మీద సగం చెరిగిన తన చేతిరాతే కనిపించింది. తాను కొచ్చికి పంపిన పెట్టెనే వాళ్లు మళ్లీ టేపు చుట్టి వెనక్కి పంపారు.

జ్యోతిర్మయి ఇంట్లోనే సింథసైజర్ బోర్డులు తయారు చేస్తుంది. సింథసైజర్ అంటే కరెంటుతో రకరకాల ధ్వనులు పుట్టించే వాద్యం. దాని కడుపులో ఉండే సర్క్యూట్ బోర్డును గీయడం, ఒక్కో భాగాన్నీ అతికించడం, పలికించి చూసి పంపడం అన్నీ ఆమె చేతి పనే. ఒకప్పుడు మిరపకాయల టిక్కీ బస్తాలు పెట్టుకున్న వెనక గది ఇప్పుడు ఆమె పనిగది. చదువుకునే రోజుల్లో సరదాగా పట్టుకున్న పని పెళ్లయ్యాక పంతమైంది, ఈ మధ్యే కాస్త పేరు కూడా తెచ్చింది. కొచ్చిలో ఫ్రాన్సిస్ అని పాటలకు బాణీలు కట్టే ఆయన మొదట ఒకటి కొన్నాడు. నచ్చి తోటివాళ్లకు చెప్పాడు. అక్కడి నుంచి ఆర్డర్లు ఆగలేదు.

ఆ సంబరం ఇంట్లో మాత్రం ఎవరికీ పట్టలేదు. భర్త భరత్ కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. ఔననడు, కాదనడు, గొడవ వచ్చే గాలి తగిలితే చెప్పులేసుకుని బయటికి నడుస్తాడు. అత్తగారు కోటేశ్వరమ్మకు దాపరికం లేదు. ఆ కుయ్యోమొర్రోలకు వీధి కుక్కలు కూడా మనింటి వైపు రావడం మానేశాయని పక్కింటి నరసమ్మ దగ్గర నవ్వకుండా చెప్పేది. దానికి తోడు దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు పాఠాలు చెప్పడానికి రమ్మని కబురు పెట్టారు. సోమవారానికల్లా జవాబు కావాలన్నారు. ఇంట్లో అందరూ ఆ సోమవారం కోసమే చూస్తున్నారు, ఒక్క జ్యోతిర్మయి తప్ప.

పెట్టె విప్పకముందే ఫ్రాన్సిస్ ఫోన్ చేశాడు. ఈసారి పంపినవన్నీ ఒకేలా చెడ్డాయని, చూడడానికి ఒకటి తిప్పి పంపామని అన్నాడు. సరిగమల్లోని స నొక్కి పట్టుకుంటే ఆ స నిలవడం లేదట, మెల్లగా కిందికి జారిపోతోందట. పాట రికార్డింగు మధ్యలో ఒకాయన నలుగురి ముందు తలవంచుకోవలసి వచ్చిందట. అరిచినా బాగుండేది, ఎంతో మర్యాదగా చెప్పాడు. సోమవారంలోగా తప్పెక్కడుందో చెప్పగలిగితే సరి, లేకపోతే తానే అందరికీ కొనవద్దని చెప్పాల్సి ఉంటుందన్నాడు.

జ్యోతిర్మయి పెట్టె విప్పి బోర్డుకు కరెంటు ఇచ్చి, కీబోర్డు కలిపి స నొక్కింది. స్పీకర్లోంచి నిండుగా వచ్చిన స వచ్చిన చోటే నిలబడింది. వేలు నొప్పి పుట్టేదాకా పట్టుకుంది. వెంట్రుకంత కూడా కదల్లేదు. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకేం కావాలి. చెడిపోయిందంటే బాగు చేయవచ్చు, బాగున్నదాన్ని ఏం చేస్తారు. మల్టీమీటర్ పెట్టి మూలమూలా కొలిచింది, అనుమానం వచ్చిన భాగాలు పీకి కొత్తవి వేసింది. బోర్డు పిలిచినప్పుడల్లా బుద్ధిగా పలికింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భరత్ ఈసారి చెప్పులు వెతుక్కోలేదు. "ఇంట్లో పాడి, పొరుగూళ్లో పరువు తీసే వస్తువును ఎవరు కొంటారు జ్యోతీ? నువ్వు చానా కష్టపడ్డావు, నేను కాదనను. ఇక ఆ కాలేజీకి వస్తానని చెప్పెయ్యి" అన్నాడు. జ్యోతిర్మయి మళ్లీ మల్టీమీటర్ అందుకుంది.

అతని వెనక నుంచి కోటేశ్వరమ్మ ముందుకు వచ్చింది. ఏనాడూ ఆ గది గడప తొక్కగా జ్యోతిర్మయి చూడని మనిషి, పంపినవాటిలో ఎన్ని చెడ్డాయని అడిగింది. ఈసారివి అన్నీ అని జ్యోతిర్మయి ముక్తసరిగా చెప్పింది. కోటేశ్వరమ్మ మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. లోపల సంతోషం ఆపుకోలేక వెళ్లిందనుకుని జ్యోతిర్మయి పళ్లు కొరుక్కుంది.

మధ్యాహ్నం భరత్ భోజనానికి వచ్చే వేళకు ఆమెకు ఓపిక అయిపోయింది. స మీద వేలు ఉంచి బోర్డు మీదికి వంగి, ఇక నావల్ల కాదనుకుంటూ పెద్దగా నిట్టూర్చింది. స జారింది.

ఉలిక్కిపడి వేలు తీసేసింది. మళ్లీ నొక్కింది, నిలబడింది. నోరు తెరిచి అద్దం మీద ఊదినట్టు బోర్డు మీద ఊదింది. స మళ్లీ కిందికి జారి, కాసేపటికి మెల్లగా తేరుకుని పైకి వచ్చింది. తడి! కొచ్చి గాలి నిండా తడే, నరసరావుపేట ఎండలో ఆ తడి ఎక్కడిది? నొక్కిన స్వరాన్ని పట్టి ఉంచే చిన్న భాగం దగ్గర ఏదో మురికి అంటుకుని ఉండాలి. దానికి తడి తగలగానే కరెంటు కారిపోతోంది.

బోర్డు తిరగేసి భూతద్దం పెట్టింది. సరిగ్గా ఆ భాగం వెనక, పలచగా తుడిచినట్టు పచ్చటి పొర కనిపించింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దితే దూది పచ్చబడింది, మధ్యలో ఒక ఎర్రటి రేణువు మెరిసింది. వాసన చూసింది. పసుపు. శుభ్రం చేశాక ఎంత ఊదినా స కదల్లేదు. అప్పుడు అలమరలో పంపడానికి సిద్ధంగా ఉన్న బోర్డులు ఒక్కొక్కటే తిరగేసింది. ప్రతిదానికీ అదే చోట అదే మరక.

ఇది చెయ్యి జారి పడింది కాదు, ఎవరో పనిగట్టుకుని పూసింది. ఉన్నది ముగ్గురు. తాను పూయలేదు, భరత్‌కు పసుపు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు. జ్యోతిర్మయి దూది పట్టుకుని హాల్లోకి నడిచింది. భరత్ అన్నం కలుపుతున్నాడు, కోటేశ్వరమ్మ వడ్డిస్తోంది.

"అత్తయ్యా, నా బోర్డులకు పసుపు రాసింది మీరేనా?"

కాదంటుందనుకుంది. తిరగబడుతుందనుకుంది. కోటేశ్వరమ్మ గరిటె గిన్నెలో పెట్టి, "నేనేనమ్మా" అంది.

జ్యోతిర్మయికి కోపం తన్నుకొచ్చింది. ఇక ఆగలేదు. ఇష్టం లేకపోతే మొహం మీదే మానెయ్యమని ఉండాల్సిందని, ఇలా చాటుగా తన కష్టాన్ని బూడిదలో పొయ్యడమేందని, కన్నకూతురి పనైతే ఇలాగే చెడగొడతారా అని కడిగేసింది. అన్నం చేతిలో ఉండగానే భరత్ తల్లి వైపు నమ్మలేనట్టు చూశాడు.

"నువ్వు చేసిన పనేందమ్మా?"

"చెడగొడదామని కాదురా. బొట్టు పెట్టా" అంది కోటేశ్వరమ్మ. కొడుకు మొహం చూడలేక గోడ వైపు చూస్తూ చెప్పింది. "మీ నాయన లారీ తోలినన్నాళ్లూ నేను బొట్టు పెట్టందే బండి కదిలేది కాదు. ఒక పొద్దున ఏదో మాటా మాటా అనుకుని మొహం తిప్పుకున్నా. బొట్టు పెట్టలా. మాచర్లలో నాపరాళ్లు ఎత్తుకుని వస్తావుంటే నడికుడి దాటినాక లారీ తిరగబడింది. నా కోపం సాయంత్రానికి పొయ్యేది. మనిషి మళ్లీ రాలా."

మామగారు రాఘవయ్య లారీ ప్రమాదంలో పోయాడని జ్యోతిర్మయికి తెలుసు. ఆ పొద్దుటి సంగతి కన్నకొడుక్కి కూడా తెలియదని, కంచం పక్కకు జరిపిన భరత్ మొహమే చెప్పింది.

"అప్పటి నుంచి ఈ ఇంట్లోంచి ఏది బయటికి పోయినా బొట్టు లేకుండా పోనియ్యలా. నీ పరీక్ష అట్టకు పెట్టా, నీ బండికి పెట్టా. కానీ నేను పెట్టకూడదు గదరా, చూస్తే నలుగురూ ఏమంటారు. అందుకే మీరు లేవకముందే పెట్టి తడిగుడ్డతో తుడిచేదాన్ని." కోటేశ్వరమ్మ కోడలి వైపు తిరిగింది. "నీకు మొదట అట్టపెట్టె మీదే పెట్టానమ్మా. వంటింటి చేతులతో ఎవరు ముట్టుకున్నారని కసిరి పెట్టె మార్చావు. ఇక లోపలైతే కనపడదని వెనకవైపు పెట్టా. నీ మీద ఎంత కోపమున్నా అది మాత్రం మానలా."

జ్యోతిర్మయి చేతిలోని దూది కింద పడింది. పెట్టె మీద మరక చూసి విసుక్కున్న సంగతి ఆమెకు లీలగా గుర్తుంది. ఈవిడ తన వెనక నవ్వుతోందని ఇన్నాళ్లూ అనుకుంది. తెల్లవారుజామున లేచి, దొంగలాగా వచ్చి తన పనికి బొట్టు పెట్టి వెళుతోందని కలలో కూడా తట్టలేదు.

కోటేశ్వరమ్మ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తింది. "పసుపేం చేసిద్దమ్మా, దానికేం పాపం తెలుసు. మొగుణ్ణి మింగిన చెయ్యి తగిలింది, అందుకే నిలవలా. పొద్దున అన్నీ చెడ్డయ్యన్నావే, అప్పుడే తెలిసింది నాకు. బట్టలు సర్దుకున్నా. నూజెండ్లలో మా తమ్ముడి దగ్గర ఉంటా. నేను లేకపోతే నీ పని నిలబడిద్ది."

హాల్లో మూలనున్న మంచం కింద బట్టలు కుక్కిన సంచి భరత్‌కు అప్పుడు కనపడింది. ఎంగిలి చేత్తోనే దాన్ని తన వైపు లాక్కున్నాడు. జ్యోతిర్మయి ఓదార్చలేదు. అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుని పనిగదిలోకి లాక్కుపోయింది. దారిలో దేవుడి దగ్గర ఉన్న పసుపు కుంకుమ భరిణెలు కూడా తీసుకుంది.

కడిగి ఆరబెట్టిన బోర్డుకు కరెంటు ఇచ్చి స నొక్కింది, మీద ఊదింది. స నిలబడింది. తర్వాత కుళాయి నీళ్లతో పసుపు తడిపి, అదే చోట తన వేలితో బొట్టు పెట్టి, కుంకుమ అద్ది, గుడ్డతో తుడిచింది. కిటికీలో పెడితే ఆ ఎండకు క్షణాల్లో ఆరిపోయింది. మళ్లీ నొక్కి ఊదింది. ముగ్గురూ చూస్తుండగా స జారిపోయింది.

"చూశారా అత్తయ్యా. ఇది నా చెయ్యి. నా మెడలో తాళి ఉంది, ఆయన మీ వెనకే గుండ్రాయిలాగా నిలబడి ఉన్నారు. అయినా జారింది. తడిపిన పసుపు ఎవరు పెట్టినా జారుద్ది."

కోటేశ్వరమ్మ నమ్మలేదు. ఇన్నేళ్లుగా నమ్ముకున్నది ఒక్కసారి చూసి ఎలా వదులుతుంది. నన్ను ఊరుకోబెట్టడానికి ఏదో మీట తిప్పావు, అంది. అత్తగారికి అనుమానం వచ్చినందుకు జ్యోతిర్మయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది తన పద్ధతే. ఏ తప్పునూ ఒక్కసారి చూసి నమ్మకూడదు.

ఇంకో బోర్డు శుభ్రంగా కడిగి కలిపింది. ఈసారి కోటేశ్వరమ్మ వేలు తీసుకుని స మీద పెట్టింది. ఆవిడ వెనక్కి లాక్కోబోయింది, జ్యోతిర్మయి వదల్లేదు. కీబోర్డు మెట్టు కిందికి దిగి స పలికింది. జ్యోతిర్మయి వంగి ఊదింది. భరత్ కూడా వచ్చి, భార్య చెప్పకుండానే, చిన్నపిల్లాడిలాగా బుగ్గలు పూరించి ఊదాడు. స కదల్లేదు.

"మీ చెయ్యే అత్తయ్యా" అంది జ్యోతిర్మయి. "నేనే మిమ్మల్ని తప్పుగా అనుకున్నా. అందరి దగ్గరి నుంచీ బోర్డులు వెనక్కి తెప్పించి కడిగి పంపుతా, ఫ్రాన్సిస్ గారికి ఉన్నదున్నట్టు చెబుతా. మీరు ఎక్కడికీ వెళ్లొద్దు."

ఆమె రాదని సోమవారం కాలేజీకి తానే చెబుతానన్నాడు భరత్. కోటేశ్వరమ్మ ఇద్దరి మాటలూ వింటున్నట్టు లేదు. కళ్ల నీళ్లు కారిపోతున్నా తుడుచుకోకుండా తన వేలి కింద మోగుతున్న స్వరాన్నే వింటోంది.

"చెయ్యి తీస్తే ఆగిపోద్దా?" అని అడిగింది.

"ఆగిపోద్ది అత్తయ్యా."

"అయితే కాసేపు ఉండనియ్యి."