గాలి ఆపిన ట్యాంకు

"మూడో బ్యాచ్ కూడా చచ్చిందంటే మీ అక్కని అరెస్ట్ చేస్తాం," అన్నాడు చీఫ్.

ఏజెంట్ జెర్రికి ఒళ్లు మండిపోయింది. "అక్క దేశద్రోహా? మతుండే మాట్లాడుతున్నారా సార్?"

"మీ అక్క ఫ్యాక్టరీలో ఉన్న మన ఏజెంట్ మంకెన రిపోర్ట్ అది. నీకు చేతకాదంటే చెప్పు, ఇంకొకణ్ని పంపిస్తా."

గడ్డిని ఆవిరిలో ఉడికించి, ఆ రసాన్ని ఈస్ట్‌తో పులియబెట్టి ఇంధనం తీసే ఫ్యాక్టరీ అది. ఉడికేటప్పుడు రసంలోకి దిగే విషాలు ఈస్ట్‌ని చంపేస్తాయి. ఆ విషాల పని పట్టే ఎంజైమ్ అక్క కనిపెట్టిందే. ఫ్యాక్టరీ మూతపడితే పండగ చేసుకునేది పరాయిదేశపు చమురు ముఠా.

జెర్రి మెకానిక్ వేషంలో లోపలికి వెళ్లాడు. అక్క ఎదురొచ్చి ఎగాదిగా చూసింది.

"మీసం ఊడుతోంది. సొంత అక్కని పట్టివ్వడానికొచ్చావా? సిగ్గులేదూ!"

జెర్రి ఎంజైమ్ ట్యాంకు దగ్గరికి నడిచాడు. అక్కడ సెంటు గుప్పుమంది. తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్, కళ్లు తిప్పుకోనివ్వని అందం.

"వాన పడేలా ఉంది," అన్నాడు.

"గొడుగు తేలేదు." కోడ్ సరిపోయింది. ఆమే మంకెన.

ట్యాంకు అద్దంలోంచి చూశాడు. లోపల ఒక్క బుడగ లేదు.

"గాలి ఆగిపోయిందేం?"

"నేనే ఆపించా. గాలి తగిలితే పులియదు కదా! మీ అక్కకి ఆ మాత్రం కూడా తెలీదు, పాపం."

అన్నం తిననివ్వకుండా అక్క వందసార్లు చెప్పిన పాఠం జెర్రికి గుర్తొచ్చింది. గాలి వద్దన్నది ఈస్ట్ ట్యాంకులో. ఈ ట్యాంకులో గాలి లేకపోతే ఎంజైమ్ విషాల జోలికే పోదు.

"అయితే ఆ చమురు ముఠా కోసం రెండు బ్యాచ్‌లూ చంపింది నువ్వే!"

"తెలివైనవాడివే. కాస్త ఆలస్యంగా!" లిప్‌స్టిక్‌లోంచి విషపు సూది బయటికొచ్చింది. "పంపు ఇప్పుడే దానంతటదే స్టార్టవుతుంది. ఈ రసం వెళ్లి ఈస్ట్‌లో పడుతుంది. మీ అక్క జైలుకి, నువ్వు కాటికి."

జెర్రి పానా విసిరాడు. సూది ఎగిరిపోయింది. ఆమెను పక్కకి నెట్టి ఒక్క దూకులో పంపు స్విచ్ పీకేశాడు. మోటారు మూలిగి ఆగింది. గాలి వాల్వ్ తిప్పగానే ట్యాంకు బుడబుడలాడింది. లేత టీలా ఉన్న రసం మెల్లగా నల్లబడసాగింది. ఎంజైమ్ పనిలో పడింది.

చొక్కా బొత్తాంలోని మైకులో చీఫ్ అంతా విన్నాడు. గార్డులు మంకెనకి బేడీలు వేశారు.

మర్నాటికి ఈస్ట్ నురగలు కక్కుతోంది. జెర్రి తల దించుకుని నిలబడ్డాడు.

"అక్కా, చీఫ్ సారీ చెప్పమన్నారు."

అక్క అతని వైపు చూడనైనా లేదు.

"గడ్డిలో విషమైతే తీయగలను. మీ చీఫ్ బుర్రకి ఎంత ఎంజైమ్ పోసినా దండగే, పో!"