నోటేదే, శ్రీదేవీ?

బడులు తెరిచిన వారం అది. పూడిమడక వ్యాన్‌లో వచ్చిన చేపలు దింపించుకుని, బజార్లో పక్కన కూర్చునే కొర్లమ్మకు తట్టలు అప్పజెప్పి, రోజూలాగే పైడితల్లి టీ తాగడానికి అనకాపల్లి గవరపాలెంలోని ఇంటికి వచ్చింది. గుమ్మంలో కూర్చున్న మనవరాలు కాలు చాపి, బొటనవేలు బయటికొచ్చిన బూటు చూపించింది.

"నాన్నమ్మా, టీచరు నన్ను రోజూ నిలబెడతంది."

పైడితల్లి నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి, ఫెళఫెళలాడే ఐదువందల నోటు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"గుంటకి బూట్లు కొనుక్కురా. ఆళ్ళెంత సెప్తే అంత ఇచ్చీకు, బేరమాడు."

"అలాగే అత్తా," అంది శ్రీదేవి.

శ్రీదేవిది కోటవురట్ల. చెరకు పండించే రైతుల ఇంటి పిల్ల. ఆటో తోలే ఎర్రిబాబుని ఇష్టపడి, చేపలమ్మే ఇంటికి కోడలుగా వచ్చింది. దాంతో పుట్టింటివాళ్లు ఆమెతో మాటలు మానేశారు. ఏళ్లు గడిచాక అన్న అయ్యప్ప ఒక్కడే ఈ మధ్య వచ్చిపోవడం మొదలుపెట్టాడు. అతను వచ్చినప్పుడల్లా పైడితల్లికి లోపల ఏదో గుచ్చుకునేది. ఆమె స్వభావమే అంత. మొప్ప ఎత్తి చూడందే చేప కొనదు, ఎవరి మాటయినా రెండుసార్లు అడగందే నమ్మదు. చిన్న వయసులోనే భర్త పోతే, ఆ అనుమానమే పెట్టుబడిగా ఇద్దరు పిల్లల్ని పెంచింది.

బజారు అయ్యాక పైడితల్లి ఇంటికి వచ్చేసరికి శ్రీదేవి వంటింటి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బూట్లేయే?"

"కొనలేదత్తా. అది దొంగ నోటన్నాడు షాపాయన."

"దొంగ నోటా? ఏదీ, ఇలా తే."

"ఇవ్వలేదు. దొంగ నోటు తిరిగివ్వకూడదని తీసేసుకున్నాడు. గట్టిగా అడిగితే పోలీసులకి ఫోన్ చేస్తానన్నాడు. షాపులో జనమంతా నన్నే చూశారత్తా. నాకు నోట మాట రాలేదు."

పైడితల్లి తట్ట కింద పెట్టి, కోడలి ముఖంలోకి తేరిపార చూసింది.

"బూట్లు నేవు. నోటూ నేదు. నీ మాటొక్కటుంది. దాన్ని నానేటి సేసుకోవాలి?"

"నిజమే చెప్తున్నానత్తా."

"మొన్న మీ అన్నొచ్చినప్పుడు సందు సివర దాకా ఎల్లేవు. ఆడి సేతిలో ఏదో పెట్టేవు. నాను సూసేను. ఆ రోజు అడగనేదు. ఇయ్యాల అడగతన్నాను. నోటేదే, శ్రీదేవీ?"

శ్రీదేవి పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. ఆ మౌనం పైడితల్లికి ఒప్పుకోలులాగే కనిపించింది.

సాయంత్రం ఎర్రిబాబు ఆటో నిలిపి లోపలికి వచ్చేసరికి ఇంట్లో ఎవరి మూల వాళ్లదిగా ఉంది. తల్లి చెప్పింది విన్నాడు, పెళ్లాం చెప్పింది విన్నాడు. అటు మొగ్గలేక, ఇటు మొగ్గలేక చొక్కా విప్పి వంకెకు తగిలించాడు.

"ఒగ్గీయమ్మా. ఒక్క నోటు కాడ ఇంత గోలేటి?"

"నోటు కోసం కాదురా. ఇయ్యాల నోటు, రేపు ఇంకోటి. ఇంట్లో సొమ్ము కోటవురట్ల దారి పడితే ఊరుకోమంతావా?"

అంతవరకు వంచిన తల ఎత్తకుండా ఉన్న శ్రీదేవి అప్పుడు లేచి నిలబడింది.

"అత్తా, మెయిన్ రోడ్డులో చెప్పుల షాపు. ఓనరు పేరు సూర్యనారాయణ. నువ్వే వెళ్లి అడుగు. అప్పటిదాకా ఈ ఇంట్లో డబ్బు నా చేతికివ్వకండి. కొత్తిమీర కట్టకి కూడా."

అంత ధైర్యంగా అనేసరికి పైడితల్లి ఒక క్షణం తడబడింది. వెంటనే, నేను వెళ్లననే ధీమాతో ఇలా అంటోందేమో అనుకుంది. మర్నాడు పిల్ల ఆ చిరిగిన బూట్లతోనే బడికి పోయింది. పైడితల్లి చేపల తట్ట కొర్లమ్మ మీద వదిలేసి చెప్పుల షాపుకు బయల్దేరింది.

సూర్యనారాయణ ఆమె మాట పూర్తిగా వినకుండానే సొరుగు లాగాడు.

"ఆవిడ మీ కోడలా? పాపం, నిలువునా వణికిపోయింది. నాకు మాత్రం సరదానా చెప్పండి? పోయిన నెల బ్యాంకులో ఇలాంటిదే లాగేసుకుని, నన్ను దొంగని చూసినట్టు చూశారు. ఇదిగో మీ నోటు."

నోటు మీద అడ్డంగా పెన్నుతో గీతలు కొట్టి ఉన్నాయి. అతను జేబులోంచి ఒక మంచి నోటు తీసి పక్కన పెట్టాడు.

"ఈ దారం చూడండి. అసలు నోటు ఇలా వంచితే పచ్చదారం నీలంగా మారుతుంది. మీది ఎంత తిప్పినా పచ్చగానే ఉంటుంది. ఎక్కడిదమ్మా ఇది?"

"తెలవదు బాబూ," అని పైడితల్లి బయటికి వచ్చేసింది.

తెలియకేం, తెలుసు. పక్క సందులోకి వెళ్లి, గోడవైపు తిరిగి సంచి విప్పింది. చేపల బేరంలో వచ్చిన నోట్లన్నీ నీళ్లకు తడిసి, నలిగి, మెత్తబడి ఉంటాయి. కొత్తవి మూడే మిగిలాయి. ఒక్కొక్కటి ఎండలో పట్టుకుని వంచింది. పచ్చదారం పచ్చగానే ఉంది.

పోయిన ఆదివారం కూతురు లక్ష్మీకుమారి సబ్బవరం నుంచి వచ్చింది. 'అమ్మా, షాపులో చిల్లరకి ఇబ్బందిగా ఉంది, నీ కాడ చిన్న నోట్లన్నీ ఇచ్చీ, పెద్దవి ఇత్తాను' అంది. పైడితల్లి సంచి బోర్లించి ఇచ్చేసింది. కన్నకూతురు ఇచ్చిన నోట్లని ఎవరైనా వంచి చూస్తారా?

ఇంటికి వెళ్లేసరికి శ్రీదేవి గుమ్మంలోనే ఎదురైంది.

"వెళ్లేవా అత్తా?"

ఆ కళ్లలో ఆశ చూసి కూడా, పైడితల్లి నాలుక వేరే మాట పలికింది.

"షాపు మూసుంది."

శ్రీదేవి పక్కకు తప్పుకుని దారిచ్చింది. చెయ్యని తప్పు ఆ పిల్ల మెడకు మళ్లీ తగిలించానని పైడితల్లికి తెలుసు. అయినా నిజం చెబితే కూతురి పేరు బయటికి రావాలి. దాని కాడ ముందు తేల్చుకోవాలి అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మర్నాడు సబ్బవరం బస్సెక్కింది. అల్లుడు ధనరాజ్ సెల్‌ఫోన్ల షాపు వెనకే వాళ్ల ఇల్లు. అతను షాపులో లేడు. తల్లిని చూసి లక్ష్మీకుమారి నవ్వుతూ కుర్చీ వేసింది. పైడితల్లి కూర్చోలేదు. మూడు నోట్లూ తీసి బల్ల మీద పరిచింది.

"ఇయ్యి ఎక్కడియే అమ్మీ?"

కూతురి నవ్వు మాయమైంది. నోట్ల వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది. అదొక్కటి చాలు పైడితల్లికి.

"తెలిసే ఇచ్చేవన్నమాట."

"ఎవడో పాత ఫోన్లు కొని ఈయనకి అంటగట్టేసి పోయేడమ్మా. పెట్రోలు బంకులో తీసుకోనప్పుడు తెలిసింది. ఊరికే పారేస్తే మాకే నష్టం కదా. మీయమ్మ కాడ మార్చేసి రా అన్నారు. చేపల బజార్లో ఎవరు చూత్తారులే అనుకున్నాను. నీకు నష్టం రాదు, చెల్లిపోతాయి అనుకున్నానే తప్ప..."

"ఎవరి సేతిలో సెల్లిపోతాయే? కొర్లమ్మ సేతిలోనా? తెల్లారగట్ల లేసి, తడిసిన కోకతో పొద్దంతా కూకునే మనిసి అది. దాని కడుపు కొట్టినా పరవానేదా?"

లక్ష్మీకుమారి కొంగుతో ముఖం కప్పుకుంది.

"నీ వదిన ఆ నోటు అట్టుకెల్లి నలుగురిలో దొంగయింది. షాపోడు ఒక మాటన్నాడు, నాను అంతకన్నా పెద్ద మాటన్నాను. అది నా ఎదట నిలబడి నిజం సెప్తే, నాను పుట్టింటికి దోసిపెట్టేవన్నాను."

"వదినకి చెప్పకమ్మా. అన్నయ్యకి తెలిస్తే ఈయన ముఖం చూడడు. నీ కాళ్లు పట్టుకుంటాను."

పైడితల్లి నోట్లు తీసి సంచిలో పెట్టుకుంది. కూతురి తల మీద ఒకసారి చెయ్యి వేసి, మాటివ్వకుండానే బయటికి నడిచింది.

బస్సు అనకాపల్లి చేరేదాకా ఆమెకు రెండు ముఖాలే కళ్లకు కట్టాయి. ఒకటి తప్పు చేసి ఏడుస్తున్నది, ఇంకొకటి తప్పు చెయ్యకుండా ఏడ్చింది. తప్పు చేసినదానికి తల్లి ఉంది. రెండోదానికి ఎవరున్నారు?

ఇంటికి చేరాక కొడుకునీ కోడలినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, షాపు మూసుందని చెప్పిన అబద్ధంతో మొదలుపెట్టి అంతా చెప్పేసింది. ఎర్రిబాబు కోపంతో లేచి, బావకి ఫోన్ చేస్తానని బయల్దేరాడు. శ్రీదేవి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడొద్దు. కోపం తగ్గాక మాట్లాడు."

పైడితల్లి కోడలి వైపు జరిగింది.

"నీకు నాను సేసింది సిన్న పని కాదమ్మా. మీ అన్న సేతిలో ఏటి పెట్టేవని నిలదీసేను."

"అది చెప్తానత్తా, ఆ రోజు..."

"వొద్దు. సెప్పకు. నువ్వు సెప్పాక నమ్మితే అది నమ్మకమేటి? మీ అన్నకి నువ్వేదిచ్చినా నీ ఇంట్లోంచి ఇచ్చుకున్నట్టే."

ఆ మాటకు, ఇన్నాళ్లూ బిగపట్టుకున్న శ్రీదేవి ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. పైడితల్లి ఇంకాస్త దగ్గరికి జరిగింది. కోడలి తలను తన భుజానికి ఆనించుకుని, అలాగే కూర్చుండిపోయింది.

మర్నాడు బజారయ్యాక పైడితల్లి కోడల్ని వెంటబెట్టుకుని చెప్పుల షాపుకు వెళ్లింది. బడి బూట్ల కోసం వచ్చిన జనంతో షాపు నిండా ఉంది. ఆమెకు కావలసిందీ అదే. గొంతు తగ్గించకుండా అంది.

"సూర్యనారాయణ బాబూ, ఆ నోటు మా కోడలిది కాదు. నాదే. నా సేత్తో ఇచ్చేను. నలుగురిలో దీన్ని అనుమానించేరు గనక నలుగురిలోనే సెప్తన్నాను. ఇదిగో, అలాంటియే ఇంకో మూడున్నాయి."

షాపులో అందరూ తిరిగి చూశారు. సూర్యనారాయణ నోట్లు తిరగేసి కనుబొమలు ముడిచాడు.

"ఇన్ని వచ్చాయంటే ఒకరే ఇచ్చుండాలి. ఎవరిచ్చారమ్మా?"

పైడితల్లి నోరు తెరిచింది. నిజం చెప్పడానికే వచ్చింది, దాచకూడదనీ అనుకుంది. కానీ కూతురి పేరు నాలుక చివర నిలబడి కదలనంది.

శ్రీదేవి ముందుకు జరిగి అత్త పక్కన నిలబడింది.

"అది మా ఇంటి విషయమండి. మేం చూసుకుంటాం. ఆ నోట్లు మీరు బ్యాంకుకిచ్చినా, చింపేసినా మీ ఇష్టం. పాపకి బూట్లు చూపించండి."

ఈ షాపులోనే మొన్న మాట రాక నిలబడిపోయిన పిల్ల. సూర్యనారాయణ ఆమె వైపు చూసి తలూపాడు. డబ్బాలు కట్టిన పురికొస కోసే కత్తెర తీసి, నోట్లన్నీ అక్కడే ముక్కలు చేసి, బూట్ల డబ్బాల కోసం లోపలికి వెళ్లాడు.

పైడితల్లి అక్కడున్న స్టూలు మీద కూలబడి, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. కొంగు తడుస్తూనే ఉంది.

"అత్తా," అంటూ వంగి అడిగింది శ్రీదేవి, "ఒక నంబరు పెద్దవి తీసుకుందామా? పిల్ల ఎదుగుతోంది కదా."

"నీకెలా తోత్తే అలా సెయ్యమ్మా," అంది పైడితల్లి, కొంగు తియ్యకుండానే.