లీవర్ లాగిన చెయ్యి

ఢాం!

ట్రక్కు ముందద్దం భళ్ళున పగిలింది.

డెల్లా చేతిలో స్టీరింగ్ గిర్రున తిరిగిపోయింది. ట్రక్కు పక్కకి జారి, మంచుగుట్టలోకి ముక్కు దూర్చి ఆగింది.

బతికే ఉన్నానా?

ఉంది! చెంప మీద గాజుముక్క గీసుకుంది, అంతే. తూటా పక్క సీటులోంచి దూసుకుపోయింది. ఇంకో అరడుగు ఇటు వచ్చి ఉంటే కథ కంచికే!

తలుపు తన్ని మంచులోకి దూకింది. తుపాకీ ట్రక్కులోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకునే ధైర్యం లేదు. పైన్ చెట్ల వైపు పరుగు తీసింది.

నవంబరు ఆఖరి ఆదివారం. ఎల్క్ దుప్పుల వేటకి ఇదే చివరి రోజు. టైము నాలుగున్నర. మాంటానా కొండల్లో ఈ వేళకే చీకటి దిగిపోతుంది.

మోకాలి లోతు మంచు. ఒక్కో అడుగూ పీక్కుని వెయ్యాలి. యాభై రెండేళ్ళ మోకాళ్ళు... మాట వినడం లేదు.

ఢాం ఢాం ఢాం!

మూడు! వెంట వెంటనే. మధ్యలో సందు లేదు!

డెల్లా ఓ చెట్టు వెనక కూలబడింది. వేటలో దూరానికి మనిషని తెలియడానికి పెట్టుకునే నారింజరంగు టోపీ పీకి కోటులో కుక్కుకుంది.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. ముప్పై ఏళ్ళుగా పాత తుపాకులు బాగుచేస్తోంది. చప్పుడు విని ఏ రకమో చెప్పేస్తుంది. లీవర్ తుపాకీ అయితే ఒక్కో దెబ్బకీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కమ్మీని కిందికి తొయ్యాలి, పైకి లాగాలి. ఛక్... ఛక్! అప్పుడు గానీ రెండోది పేలదు. సెమీ ఆటోమేటిక్‌కి ఆ బాధ లేదు. ఖాళీ గుల్లని అదే విసిరేస్తుంది, కొత్త తూటాని అదే ఎక్కించుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కడమే మన పని.

మూడూ సందు లేకుండా పేలాయంటే సెమీయే.

ఈ కొండ మీదికి సెమీ మోసుకొచ్చేవాడు ఒక్కడే.

డ్వేన్ ప్రూయిట్!

"నా నోరు పడిపోను! ఎందుకు వాగాను?" డెల్లా తనని తానే తిట్టుకుంది.

మధ్యాహ్నం వాగింది మరి. అందరి ముందూ!

ఆదివారం చర్చి అయ్యాక పాత తుపాకుల పిచ్చోళ్ళంతా ఊళ్ళో కేఫ్‌లో చేరతారు. పొయ్యి పక్కన లీవర్ వాళ్ళు. కిటికీ పక్కన సెమీ వాళ్ళు. ఒకరి బల్ల దగ్గర ఒకరు చచ్చినా కూర్చోరు!

"మీవి కుట్టుమిషన్లురా! టకటకా కుట్టుకుంటూ పోతాయి. గురి ఏదీ?" అనేవాడు రోల్ఫ్.

"మీది బోరింగు పంపు! కొట్టీ కొట్టీ రెక్కలు పడిపోతే గానీ చుక్క రాలదు," అనేవాడు డ్వేన్.

అంతలేసి మాటలు అనుకునేవాళ్ళు. ఆఖర్న ఒకే పళ్ళెంలో యాపిల్ పై తినేవాళ్ళు.

రోల్ఫ్ డెల్లా మొగుడు.

పంతొమ్మిది రోజుల కింద తన షెడ్డులోనే పడి ఉన్నాడు. గుండెలో తూటా. పక్కన అతని లీవర్ తుపాకీ. తుడుస్తుంటే పేలిందన్నాడు షెరీఫ్. ఊరు ఊరుకుంటుందా? "రోల్ఫ్ లాంటోడు తుడుస్తూ పేల్చుకుంటాడా? కావాలనే చేసుకుని ఉంటాడు, పాపం," అని గుసగుసలు.

ఆ 'పాపం' డెల్లాని నిద్రపోనివ్వలేదు. పంతొమ్మిది రాత్రులు!

ఈ పొద్దున షెరీఫ్ ఆఫీసు పంపిన ఫోటో చూస్తుంటే కనిపించింది. షెడ్డు నేల మీద... ఖాళీ తూటా గుల్ల.



లీవర్ తుపాకీ పేలాక గుల్ల లోపలే ఉంటుంది. ఎవరైనా లీవర్ లాగితేనే బయటికొచ్చి పడుతుంది. గుండెలో తూటా దిగి చచ్చినవాడు లీవర్ ఎలా లాగుతాడు?

ఇంకొకడున్నాడు!

ఎవడు? సెమీవాడే అయ్యుండాలి. తుపాకీ పేలితే గుల్ల నేల మీద పడి ఉండాలి అన్నది వాళ్ళ లెక్క. లేకపోతే వాళ్ళ కంటికి వెలితిగా ఉంటుంది. అందుకే లోపల్నించి తీసి మరీ పడేశాడు!

ముందు ఎమెట్ అంకుల్‌కి ఫోన్ చేసింది. ఎమెట్ స్ట్రాండ్. లీవర్ వాళ్ళకి పెద్దదిక్కు. నాన్నకి స్నేహితుడు, ఆమెకి తుపాకీ పట్టుకోవడం నేర్పినవాడు.

"ఎవరికీ చెప్పకు, తల్లీ," అన్నాడాయన. "సాయంత్రం కొండ మీద నా కాబిన్‌కి రా. ఆ ఫోటో తీసుకురా. పొద్దున్నే ఇద్దరం షెరీఫ్ దగ్గరికి పోదాం."

ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. కేఫ్‌లో డ్వేన్, వారం వారం రోల్ఫ్‌తో తగువుపడ్డవాడు, నవ్వుతూ యాపిల్ పై తింటుంటే... కడుపు మండిపోయింది.

"గుల్ల నేల మీద పడేసి పోయావు కదరా! మీ సెమీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. సాయంత్రం ఎమెట్ అంకుల్ దగ్గరికే వెళ్తున్నా. రేపు నీ సంగతి షెరీఫ్ చూస్తాడు!"

డ్వేన్ ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది.   తన కుడిచేతి వంక చూసుకున్నాడు. వేళ్ళు ముడిచాడు, తెరిచాడు... అలా చూస్తూనే ఉండిపోయాడు.

చేసిన పాపం చేతిలో కనపడుతోందనుకుంది డెల్లా.

ఇప్పుడు ఆ చేతిలో తుపాకీ ఉంది. వెనకాలే వస్తోంది!

"డెల్లా!"

చెట్ల మధ్య నారింజరంగు కోటు. దగ్గరికొస్తోంది!

లేచింది. పరుగు! ఎదురుగా కాబిన్ కిటికీలో దీపం. రెండొందల గజాలు. దేవుడా, ఎమెట్ అంకుల్ ఇంట్లోనే ఉండాలి!

వంద గజాలు...

యాభై...

కాలు మంచు కింద దుంగకి తగిలింది. బోర్లా పడింది. నోట్లో మంచు.

లేచి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా నిలబడ్డాడు డ్వేన్. రొప్పుతున్నాడు. చేతిలో సైన్యం వాడిన పాత సెమీ.

అయిపోయింది.

"కాల్చు!" అరిచింది డెల్లా. "మొగుణ్ణి తిన్నావు, పెళ్ళాన్నీ తిను! ఇంకో పాపం ఎక్కువైతే నీకేంటి?"

డ్వేన్ తుపాకీని రెండు చేతులా తల మీదికి ఎత్తాడు. మెల్లగా వంగి, ఇద్దరి మధ్యా మంచు మీద పెట్టాడు. వెనక్కి జరిగాడు.

"మూడు కాల్చాను, వినపడలేదా? అడవిలో మూడు పేలితే ఏంటో మీ నాన్న నేర్పలేదా?"



మూడు దెబ్బలు. సాయం... ఎక్కడున్నావ్... ఆగు. చిన్నపిల్లలకి కూడా తెలుసు! భయంలో ఆమే మర్చిపోయింది.

"మరి నా అద్దం?"

"నేను కాదు. నిన్ను ఆపాలని వెనకే వస్తున్నా, అప్పటికి మలుపు కిందే ఉన్నాను. అది ఒక్కటే పేలింది. తర్వాత ఇంకోటి పేలలేదు. గుర్తుందా?"

గుర్తుంది. ఒక్కటే. కాసేపటికి ఆ మూడు.

"నువ్వు మధ్యాహ్నం చెప్పింది తలకిందులుగా చెప్పావు, డెల్లా. నేను రోల్ఫ్ తుపాకీతో కాల్చి ఉంటే గుల్ల లోపలే వదిలేసేవాణ్ణి. నా చేతికి లాగడం రాదు! పుట్టి బుద్ధెరిగి లాగలేదు. లాగినవాడు... ఆలోచించకుండా లాగేసినవాడు..."

ఢాం!

డ్వేన్ మాట సగంలో తెగింది. మంచు మీద వెల్లకిలా పడ్డాడు. నారింజ కోటు మీద ఎర్రమచ్చ పాకుతోంది.

ఛక్... ఛక్!

డెల్లా వెనక్కి తిరిగింది.

పది గజాల దూరంలో ఎమెట్. తెల్లగడ్డం నిండా మంచు. భుజానికి ఆనించిన లీవర్ తుపాకీ. ఈ ఊళ్ళో ఆ తుపాకీ తెలియనివాడు లేడు. తాత ఇచ్చిన నూట నలభై ఏళ్ళ తుపాకీ! ఊరేగింపులో జెండా కంటే ముందు నడుస్తుంది.

"భయపడకు, తల్లీ. వాడి పని అయిపోయింది."

డెల్లాకి ఏడుపు తన్నుకొచ్చింది. "అంకుల్..." అంటూ ఒక అడుగు వేసింది.

ఆగిపోయింది.

ఎమెట్ కాళ్ళ దగ్గర మంచులో ఇత్తడి గుల్ల. వేడివేడిగా. చుట్టూ మంచు కరుగుతోంది.

నేల మీద గుల్ల.

"అంకుల్... కొత్త తూటా ఎక్కించారేం?"

"ఎక్కడ?"

"ఇప్పుడే. వాడు పడిపోయాక లీవర్ లాగారు."

ఎమెట్ కిందికి చూశాడు. గుల్లని చూసి తెల్లబోయాడు.

"ఎప్పుడు లాగాను?"

ఆయనకి నిజంగానే తెలీదు!

 అరవై ఏళ్ళు లీవర్ లాగిన చెయ్యి. పేలగానే లాగేస్తుంది. మనిషిని అడగదు. పాపం చేస్తున్నా అడగదు!

ఇంకోటి కూడా అప్పుడే కనిపించింది. ఆయన ఒంటి మీద నారింజ కోటు లేదు. వేట చివరి రోజున అది లేకుండా అడవిలో తిరిగేవాడు పిచ్చివాడైనా అయ్యుండాలి... కనపడకూడదనుకున్నవాడైనా!

"నా ట్రక్కు మీద కాల్చింది మీరే."

గాలి ఊళపెట్టింది. ఎమెట్ నిట్టూర్చాడు.

"నీది మీ నాన్న బుర్రే. నేను బతిమాలడానికే వెళ్ళాను, డెల్లా. ఒట్టు! నా తుపాకీ బాగుచేస్తానని విప్పాడు నీ మొగుడు. పైన ఒక నంబరు, లోపల ఒక నంబరు. తాతదీ కాదు, పాతదీ కాదు, నేనే అతికించానని స్క్రూడ్రైవర్‌తో ఒక్క నిమిషంలో తేల్చేశాడు. నలభై ఏళ్ళు ఊరంతా దానికి టోపీ తీసి మొక్కింది! కేఫ్‌లో అందరికీ చెప్పేస్తానన్నాడు."

"దానికి చంపేస్తారా? దానికా?!"

"వాడి తుపాకీ లాక్కున్నాను. పేలిపోయింది. తర్వాత ఏం చేశానో... గుర్తులేదు."

చేతికి గుర్తుంది. చెయ్యి లీవర్ లాగింది. గుల్ల నేల మీద పడింది.

"మరి నేనేం చేశాను, అంకుల్?"

"ఫోటో చూశావు," అన్నాడు ఎమెట్, దిగులుగా. "ఆ సెమీ ఇలా తొయ్యి, తల్లీ. కాలితో."

ఎందుకో అర్థమైంది. సెమీతో డెల్లాని కాల్చాలి. డ్వేన్ డెల్లాని చంపాడు, ఎమెట్ డ్వేన్‌ని చంపాడు. ఊరు మళ్ళీ టోపీ తీస్తుంది!

రోల్ఫ్ మాత్రం ఎప్పటికీ 'పాపం'గానే మిగిలిపోతాడు.

లేదు. అది మాత్రం జరగనివ్వదు!

సెమీ తన వెనకే మంచు మీద ఉంది. మూడడుగులు.

"తొయ్యి!"

డెల్లా తల ఊపింది. వెనక్కి జరిగి కాలు చాపింది...

దాని మీదికే పడిపోయింది!

తుపాకీ ఒడిలోకొచ్చింది. వేలు సేఫ్టీని వెతికి ముందుకి తోసింది. ఎత్తింది. నొక్కింది!

ఢాం!

గురి తప్పింది. ఎమెట్ వెనక కాబిన్ గడప చీలిపోయింది.

మళ్ళీ కాల్చాలి! డెల్లా కుడిచెయ్యి ట్రిగ్గర్ వదిలేసింది. కమ్మీ కోసం కిందికి తడిమింది.

లేదు. అక్కడ ఏమీ లేదు! గాలి. చెయ్యి ఖాళీగా లాగుతోంది... మళ్ళీ లాగుతోంది!

ముప్పై ఏళ్ళ అలవాటు. తన చెయ్యీ తన మాట వినడం లేదు!

ఎమెట్ నవ్వాడు. అందులో కాస్త జాలి కూడా ఉంది.

"చూశావా? నీ చెయ్యీ నా చెయ్యే. నేనేగా నేర్పింది!"

ఢాం!

భుజం మీద నిప్పు కడ్డీ పెట్టినట్టయింది. డెల్లా పక్కకి ఒరిగింది. తుపాకీ మాత్రం వదల్లేదు.

ఎమెట్ చెయ్యి అప్పుడే కదిలింది. తెలియకుండానే.

ఛక్!

కమ్మీ కిందికి దిగింది. గుల్ల మంచులోకి ఎగిరింది. ఇంక పైకి లాగాలి. అంతే.

డెల్లా వేళ్ళు ఇంకా కమ్మీనే వెతుకుతున్నాయి.

పక్కన మంచులోంచి గొంతు. తడిగా... గొణుగుడులా.

డ్వేన్! కొన ఊపిరి!

"లాగకే పిచ్చిదానా... నొక్కు! ఊరికే... నొక్కు!"

డెల్లా చెయ్యి ఆగింది.

వేలు ట్రిగ్గర్ మీదికి వచ్చింది.

నొక్కింది.

ఢాం!

రెండో ఛక్ వినపడలేదు.